సైకిల్ యాత్రకు బయల్దేరుతున్న మన పిల్లలతో కొన్ని మాటలు

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక హోసూరు నుంచి నలుగురు కుర్రాళ్ళు రాబర్ట్‌సన్‌పేటలోని మా ఇంటికి వచ్చారు. యువజన కూటాల్లో గిటారు వాయించే పిల్లలే, చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళే. పన్నెండు మంది కలిసి కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా సైకిల్ తొక్కుతారట. దాదాపు 3,700 కిలోమీటర్లు, నలభై అయిదు రోజులు. గేర్ల సైకిళ్ళు, హెల్మెట్లు, అందరికీ ఒకే రంగు టీషర్టులు, వెనకాల సామానుకు ఒక వ్యాను. కిలోమీటరుకు ఇంత అని దాతల దగ్గర తీసుకుని, వచ్చిన డబ్బు ఒక అనాథాశ్రమానికి ఇస్తారట. "అయ్యగారూ, మీరు ఒక సిఫారసు ఉత్తరం రాసిస్తే చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్నారు.

నేను ఉత్తరం వెంటనే రాయలేదు. టీ తాగి వెళ్ళమన్నాను, రెండు వారాలు గడువు అడిగాను. వాళ్ళ ముఖాలు చిన్నబోయాయి. గుమ్మం దాటుతూ ఒకడు మా ఆవిడతో అన్నాడంట: "యానాం దాకా సైకిల్ మీద వెళ్ళొచ్చిన పాస్టరు గారే వెనకాడితే ఎట్లా అమ్మగారూ?" న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్నకు జవాబుగా ఇది రాస్తున్నాను. అడిగిన ఉత్తరం కంటే పొడుగైంది, క్షమించాలి.

ముందు ఆ యానాం సంగతి చెప్పాలి. ఎందుకంటే మా ప్రయాణం గురించి మన సంఘాల్లో కొంచెం ఎక్కువే ప్రచారం జరిగింది. నిజానికి దానిలో సాహసం అంటూ ఏమీ లేదు. మా ఆవిడ పుట్టిల్లు యానాం. పెళ్ళయిన దగ్గర నుంచి బెంగళూరు వెళ్ళి కాకినాడ రైలెక్కి వెళ్ళి రావడమే. రాత్రి రైల్లో నిద్రపోయి లేచేసరికి దారంతా అయిపోతుంది. "మనం పుట్టిన దేశాన్ని ఎప్పుడూ నిద్రలోనే దాటుతున్నాం" అని ఒకసారి అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మా కేజీఎఫ్ తెలుగువాళ్ళ కథ కూడా అంతే కదా. 1880లో ఇక్కడ బంగారు గనులు మొదలైనాక చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి మాల, మాదిగ కుటుంబాలు, తమిళ దళిత కుటుంబాలు కాలినడకన వచ్చి ఈ లైన్లలో చేరాయి. మా ముత్తాత పలమనేరు పక్క నుంచి వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఏ ఊరో మాత్రం ఎవరికీ గుర్తులేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు మా పిల్లలు తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్ళి కూలీ చేసి రాత్రికి తిరిగొస్తున్నారు. వచ్చిన దారి తెలియదు, పోయే దారి రైలు పట్టా ఒక్కటే. ఆ వచ్చిన దారిని ఒకసారి మెల్లగా, వెనక్కి చూడాలనిపించింది.

రెండేళ్ళ క్రితం జనవరి 2న బయల్దేరి భోగి నాటికి అత్తవారింటికి చేరాం. పదమూడు రోజులు, సుమారు 770 కిలోమీటర్లు. వి.కోట, పలమనేరు, చిత్తూరు, తిరుపతి, నెల్లూరు, ఒంగోలు, చీరాల, రేపల్లె, బందరు, భీమవరం, అమలాపురం, యానాం. మొత్తం ఎనిమిది మందిమి: నేను, మా ఆవిడ, అప్పటికి పదహారేళ్ళ అమ్మాయి, పదకొండేళ్ళ అబ్బాయి, బెంగళూరులో సెక్యూరిటీ ఉద్యోగం చేసే మా తమ్ముడు, సంఘంలో నర్సు పని చేసే ఒక చెల్లెలు, ఆటో తోలే ఒక మిత్రుడు, యాభై దాటిన ఒక మేస్త్రీ అన్న. కొత్త సైకిల్ ఒక్కటే కొన్నాం. మిగతావన్నీ ఇంట్లో ఉన్నవి, అడిగి తెచ్చినవి. నేను తొక్కింది మా నాన్న సైకిల్. ఆయన ఆ సైకిల్ మీదే చాంపియన్ రీఫ్ షాఫ్టుకు రాత్రి షిఫ్టుకు వెళ్ళేవాడు. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగే గని అది. దిగేటప్పుడు సైకిల్‌కు తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకునేవాడంట. పైకి వస్తానో రానో అన్న రోజుల్లో కూడా సైకిల్ పోతుందేమోనన్న భయమే ఎక్కువ ఉండేదని నవ్వేవాడు.

మా సంఘంలో అందరికీ ఇది నచ్చలేదు. "పాస్టరమ్మ చీర ఎగ్గట్టి రోడ్డు మీద సైకిల్ తొక్కితే సాక్ష్యం ఏం కావాలి?" అని ఒక పెద్దాయన కమిటీలో అడిగారు. ఆయన మీద నాకు గౌరవమే. కానీ ఆ ప్రశ్న నన్ను అడిగారు, ఆవిడను అడగలేదు. తన కాళ్ళ సంగతి తనను అడగాలి కదా. మా ఆవిడకు నలభై ఒకటో ఏట సైకిల్ రాదు. చిన్నప్పుడు యానాంలో అన్నదమ్ములకు నేర్పారు, తనకు నేర్పలేదు. నాలుగు నెలలు తెల్లవారుజామున సైనైడ్ దిబ్బల పక్క మైదానంలో మా అమ్మాయి వెనక పట్టుకుని పరిగెడుతుంటే నేర్చుకుంది. రెండుసార్లు మోచెయ్యి చెక్కుకుపోయింది. మూడో వారానికి మైదానంలో ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు కనపడ్డారు. మా స్త్రీల సమాజం వాళ్ళే. చూడ్డానికి వచ్చామన్నారు. రెండు రోజులు చూశారు, మూడో రోజు తొక్కారు.

ఇది మనకు కొత్త కాదు, పక్కనే జరిగింది. 1991, 92ల్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అక్షరాలతో పాటు ఆడవాళ్ళకు సైకిల్ నేర్పడం కూడా అక్కడ పాఠంలో భాగం. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దీన్ని పట్టుదలగా ముందుకు తెచ్చారు. సైకిళ్ళకు బ్యాంకు అప్పులు ఇప్పించారు. వ్యవసాయ కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసే ఆడవాళ్ళు, పల్లె నర్సులు లక్ష మంది దాకా నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే కొనేశారు. జర్నలిస్టు పి. సాయినాథ్ అక్కడికి వెళ్ళి వివరంగా రాశారు. బస్సు కోసం ఎవరినీ బతిమాలకుండా, నీళ్ళు తేవడానికి, పంట సంతకు చేర్చడానికి, పిల్లల్ని బడిలో దింపడానికి వాళ్ళు సొంతంగా కదిలారు. ఎగతాళి చేసినవాళ్ళు చాలామందే. ఆ మాటలు అలవాటైపోయాయి, సైకిల్ ఆగలేదు. మన సంఘాల్లో ఈ విషయం ఎందుకు చెప్పుకోమో నాకు తెలియదు. తమిళనాడులో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ళం మనమే ఇంతమందిమి ఉన్నామే!

దారి సంగతి అంతా రాస్తే ఈ పత్రిక చాలదు. రెండు మూడు చెప్తాను. పలమనేరు దాటాక మొగిలి ఘాటు దిగాలి. కేజీఎఫ్ ఎత్తు మీద పుట్టినవాళ్ళకు అక్కడ నుంచి నేల కిందికి జారిపోతున్నట్టే ఉంటుంది. లారీల వాళ్ళకే కష్టమైన ఘాటు అది. పిల్లలు తొక్కేస్తామని గోల. మేస్త్రీ అన్న బ్రేకు కట్టెలు చూసి, "దిగండ్రా అందరూ" అన్నాడు. మారుమాట లేకుండా దిగి, సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళాం. రెండు గంటలు పోయాయి. ఎనిమిది మందీ కిందికి చేరాం.

ఆంధ్రాలో అడుగుపెట్టిన దగ్గర నుంచి ప్రతి టీ కొట్టు దగ్గరా ఒకటే ప్రశ్న: "పార్టీ యాత్రా?" సైకిల్ అనగానే అక్కడ ఎన్నికల గుర్తే గుర్తొస్తుంది మరి. కాదంటే, "మరి దేనికి? బ్యానరేది?" అత్తగారింటికి అంటే ఎవరూ నమ్మలేదు. నాయుడుపేట దాటాక క్యారియర్ మీద రెండు పెద్ద గోతాలు కట్టుకున్న ఒకాయన మా పక్కన తొక్కుతూ వచ్చాడు. కూరగాయలు. రోజూ రానూ పోనూ ముప్ఫై కిలోమీటర్లు పైనే తొక్కుతాడంట, పాతికేళ్ళుగా. చాలాసేపు మమ్మల్ని గమనించి అడిగాడు: "దీనికి మీకు రోజుకెంత ఇస్తారు సార్?" ఏమీ ఇవ్వరు, మేమే ఖర్చు పెట్టుకుంటున్నాం అన్నాను. ఆయన మర్యాదస్తుడు కాబట్టి నవ్వలేదు. కొంతదూరం పోయాక, "ఎదురుగాలి వస్తే ముందున్నోడి వెనకాల నక్కి తొక్కండి, ముందున్నోడు అలిసిపోతే మారండి" అని చెప్పి ఎడమ దారిలో వెళ్ళిపోయాడు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఆ ఒక్క సలహాయే మమ్మల్ని లాక్కెళ్ళింది.

ఒంగోలులో మా ఆటో మిత్రుడికి మోకాలు వాచింది. ఆయన సైకిల్‌ను బస్సు మీద వేయించుకుని యానాం వెళ్ళిపోయాడు. మేం వెళ్ళేసరికి మా అత్తగారి చేతి పులస కబుర్లు అన్నీ వినేసి, మాకంటే రెండు కిలోలు పెరిగి కూర్చున్నాడు. ఓడిపోయానని ఆయన అనుకోలేదు, మేమూ అనుకోలేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. చీరాల దాటాక ఒక పల్లెలో, ఊరి పేరు రాయను, అక్కడి చిన్న మందిరంలో ఆ రాత్రి పడుకున్నాం. సంఘపు పెద్ద ఒకాయన, డెబ్భై దాటినవాడు, మా సైకిళ్ళ చుట్టూ తిరిగి, సీట్లు తడిమి చూసి అడిగాడు: "ఏ వీధిలోంచి వచ్చారయ్యా?" గుడి పక్క నుంచి, పెద్ద వీధిలోంచి వచ్చామన్నాను. "తొక్కుకుంటూనే వచ్చారా?" అన్నాడు. అవును అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. కుర్రతనంలో పొగాకు కంపెనీలో కూలీకి పోయి, మూడేళ్ళు దాచి సైకిల్ కొన్నాడంట. ఊరి మొదట్లోకి రాగానే దిగాలి. చెప్పులు విప్పి హ్యాండిల్‌కు తగిలించాలి. ఆ వీధి దాటేదాకా సైకిల్‌ను పశువును తోలుకున్నట్టు తోలుకుపోవాలి. ఒక రోజు జ్వరంతో ఉన్న బిడ్డను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, దిగడం మరిచిపోయి తొక్కుకుంటూ పోయాడంట. సాయంత్రం పిలిపించారు. ఏం జరిగిందో మాతో చెప్పలేదు. "సైకిల్ మాత్రం మళ్ళీ ఇంటికి రాలేదు" అన్నాడు.

ఆ పల్లెకు కారంచేడు దూరం కాదు. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు దళితుల్ని చంపారు. తాగే నీళ్ళ చెరువు దగ్గర పశువుల్ని కడిగి నీళ్ళు పాడు చేస్తుంటే అడ్డుచెప్పిన దగ్గర మొదలైన గొడవ. బతికినవాళ్ళు చీరాలకు పారిపోయి తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ ఉద్యమం పుట్టింది. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవే, వేదికల మీద మాట్లాడినవే. కానీ ఆ రాత్రి మా అమ్మాయి నన్ను అడిగింది: "నాన్నా, మన ముత్తాత ఆ పలమనేరు పల్లె నుంచి ఎందుకు వచ్చేశాడు? కూలీ కోసమేనా?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మర్నాడు పొద్దున బయల్దేరేటప్పుడు ఆ పెద్దాయన మా తమ్ముడి సైకిల్ అడిగి తీసుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా పెద్ద వీధి చివరిదాకా తొక్కి, తిరిగి తొక్కుకుంటూ వచ్చాడు. మధ్యలో ఎవరో అరుగు మీద నుంచి పలకరిస్తే బెల్లు కొట్టాడు. దిగాక చేతులు వణుకుతున్నాయి. వయసు వల్లనేనేమో.

అందుకే, హోసూరు కుర్రాళ్ళు వచ్చి సైకిల్ యాత్ర అన్నప్పుడు నాకు కాశ్మీరు గుర్తు రాలేదు. ఇంకొక ప్రయాణం గుర్తొచ్చింది. మీకూ గుర్తుండే ఉంటుంది. 2020 మే నెల, లాక్‌డౌన్. పదిహేనేళ్ళ జ్యోతి కుమారి గురుగ్రామ్ నుంచి బీహార్‌లోని దర్భంగా జిల్లా దాకా సుమారు 1,200 కిలోమీటర్లు తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని తొక్కింది. ఆ తండ్రి ఈ-రిక్షా తోలేవాడు. ప్రమాదంలో కాలు దెబ్బతిని నడవలేడు. పని లేదు, అద్దె కట్టలేరు. ఉన్న కొద్ది డబ్బుతో ఒక పాత సైకిల్ కొన్నారు. దళిత కుటుంబం. ఆ వార్త వచ్చాక ఏం జరిగింది? అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ దాన్ని ఓర్పుకూ ప్రేమకూ గొప్ప ఉదాహరణ అని మెచ్చుకుంది. సైక్లింగ్ ఫెడరేషన్ ఆ అమ్మాయిని ట్రయల్‌కు పిలిచింది. మర్నాటి ఏడాది బాలల జాతీయ పురస్కారం ఇచ్చారు. మన వాట్సాప్ గ్రూపుల్లో తండ్రి ప్రేమ, కూతురి త్యాగం అని పాటలు పెట్టి పంపుకున్నాం. నేనూ పంపాను, ఒప్పుకుంటాను. ఆ అమ్మాయి మాత్రం చదువు పూర్తి చేసుకోవాలని ఉందని చెప్పింది. 2021 మే చివర్లో ఆ తండ్రి గుండెపోటుతో చనిపోయాడు.

రైళ్ళు ఎందుకు ఆగాయి, నడవలేని మనిషి ఇంటికి చేరడానికి ఈ దేశంలో పదిహేనేళ్ళ పిల్ల కాళ్ళు తప్ప ఇంకేమీ ఎందుకు లేకపోయింది అని అడగాల్సిన చోట మనం చప్పట్లు కొట్టాం. బలవంతంగా చేయించిన పనికి సాహసం అని పేరు పెడితే, చేయించినవాడి పేరు చెరిగిపోతుంది. అదే మే నెలలో లక్నోలో ఒక వలస కూలీ కుటుంబం ఇద్దరు చిన్న పిల్లలతో సైకిల్ మీద ఛత్తీస్‌గఢ్‌లోని సొంతూరికి బయల్దేరింది. ఊరు దాటకముందే వాహనం గుద్ది భార్యాభర్తలిద్దరూ చనిపోయారు. పిల్లలు బతికారు. వాళ్ళకు పురస్కారాలు లేవు. కుటుంబంతో కలిసి దేశం దాటే సైకిల్ యాత్ర అంటే ఆ ఏడాది లక్షలమందికి అర్థం అదే. అదే ఏడాది జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం రోజున, సాహిబాబాద్‌లో అట్లాస్ సైకిళ్ళ ఫ్యాక్టరీ మూతపడింది. గేటుకు అంటించిన నోటీసు చూసుకుని కార్మికులు తిరిగి వెళ్ళిపోయారు. వాళ్ళలోనూ సైకిల్ మీద వచ్చినవాళ్ళు ఉండే ఉంటారు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో దాదాపు 45 శాతం ఇళ్ళలో సైకిల్ ఉంది. మనం సైకిలిస్టు అంటే హెల్మెట్ పెట్టుకున్నవాణ్ణి అనుకుంటున్నాం గానీ, అసలు సైకిలిస్టులు నాయుడుపేట కూరగాయలాయన లాంటివాళ్ళు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లోనే ఇటీవలి సంవత్సరాల్లో ఏటా నాలుగు వేల మందికి పైగా సైకిల్ తొక్కేవాళ్ళు రోడ్ల మీద చనిపోతున్నారు. మేం తొక్కిన దారిలో ఆరు వరుసల రోడ్లున్నాయి, సర్వీసు రోడ్లున్నాయి, లారీలకు పార్కింగులున్నాయి. సైకిల్‌కు ఒక గీత గీసిన చోటు ఒక్కటీ కనపడలేదు. చాలా చోట్ల తెల్లగీత అవతల మట్టిలో తొక్కాం, రాత్రి లైట్లు లేని చోట ఆగిపోయాం.

ఇవన్నీ మనసులో పెట్టుకుని ఆ పిల్లలకు మొదట ఒక కఠినమైన ఉత్తరం రాశాను. మీ యాత్ర డబ్బున్నవాళ్ళ వేషం, వ్యాను ఖర్చుతోనే అనాథాశ్రమానికి ఇంకో గది కట్టొచ్చు, పన్నెండు మందిలో ఒక్క ఆడపిల్ల ఎందుకు లేదు, అని. చదివి చూడమని మా అమ్మాయికి ఇచ్చాను. తను ఇప్పుడు బెంగళూరులో డిగ్రీ చదువుతోంది. చదివి బల్ల మీద పెట్టేసింది.

"ఆడపిల్లల సంగతి సరే నాన్నా, అది అడగాల్సిందే. మిగతాది తప్పు" అంది. ఏం తప్పు అన్నాను. "వాళ్ళు గని కార్మికుల మనవలు, చెరుకు కూలీల కొడుకులు. వాళ్ళింట్లో ఊరికే, సరదాకు, ఎక్కడికైనా వెళ్ళిన మొదటి తరం ఇదే. పైకులం పిల్లలు లడఖ్ వెళితే ఎవరూ ఉత్తరం రాయరు. మనవాళ్ళు వెళితే మాత్రం ఉద్యమం కావాలి, సేవ కావాలి, సాక్ష్యం కావాలి. ఊరికే కొండ చూడాలని వెళ్ళకూడదా? ఆ అనాథాశ్రమం పేరు వాళ్ళు ఎందుకు పెట్టారో తెలుసా? మీలాంటి పెద్దవాళ్ళు ఒప్పుకోరని!"

నేను జవాబు చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చీరాల పక్క పల్లె పెద్దాయన పెద్ద వీధిలో తొక్కింది ఏ ఉద్యమం కోసమూ కాదు. తొక్కాలనిపించి తొక్కాడు. ఆ బెల్లు సరదాకే కొట్టాడు. యాభై ఏళ్ళ క్రితం ఆయన దగ్గర లాక్కున్నది కూడా సైకిల్ ఒక్కటే కాదు, ఆ సరదా. నేను అంత దూరం వెళ్ళి చూసొచ్చి, మన పిల్లల దగ్గర అదే అడుగుతున్నానా అనిపించింది. ప్రతి అడుగుకూ లెక్క చెప్పమనడం మన సంఘ పెద్దలకు అలవాటు. నన్నూ కలుపుకునే చెప్తున్నాను.

అయినా, నా మొదటి ఉత్తరంలో అంతా తప్పేనని కూడా అనుకోను. కిలోమీటరుకు ఇంత అని విరాళం అడగడం నాకు ఇప్పటికీ నచ్చదు. అనాథ పిల్లలకు ఇవ్వదలచుకుంటే ఇవ్వండి, మీ ప్రయాణానికి వాళ్ళను టికెట్ చెయ్యొద్దు. సరదాకు వెళుతున్నామని ధైర్యంగా చెప్పండి, సొంత డబ్బుతో వెళ్ళండి, చాలకపోతే తక్కువ దూరం వెళ్ళండి. ఆడపిల్లల్ని పిలిచారా అని అడిగితే, ఇంట్లో ఒప్పుకోరు అని ముందే వాళ్ళ తరఫున మీరే జవాబు చెప్పేశారు. వెళ్ళి అడగండి. అమ్మలను కూడా అడగండి. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి ప్రభుత్వం 2,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని వల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అధ్యయనంలో తేలింది. డబ్బు ఒక్కటే కాదు, పదిమంది కలిసి వరసగా తొక్కుకుంటూ పోతుంటే ఊరు మాట అనడం మానేసిందని కూడా వాళ్ళ అభిప్రాయం. ఒక్క పిల్ల తొక్కితే మాట పడుతుంది. మా మైదానంలో మేం చూసిందీ అదే.

ఇంకొక సంగతి మీకు చెప్పాలని ఉంది, నచ్చితే తీసుకోండి. 1983 మార్చి 15న కాన్షీరామ్ వంద మంది సైకిల్ వాలాలతో ఢిల్లీ నుంచి బయల్దేరారు. నలభై రోజుల్లో ఏడు రాష్ట్రాలు తిరిగారు. మోటారు బండ్లు లేని మనుషులు రెండు కాళ్ళతో, రెండు చక్రాలతో ఎంత దూరం పోగలరో చూపించడమే ఉద్దేశం. మర్నాటి ఏడాది పార్టీ పెట్టారు. ఆ తర్వాతి రాజకీయాల గురించి నాకూ మీకూ వేరు వేరు అభిప్రాయాలు ఉండొచ్చు. కానీ అలాంటి యాత్రలో దారిలో ఉన్నవాళ్ళ ఇళ్ళే బస, వాళ్ళు పెట్టిందే భోజనం, చివరికి వాళ్ళతో పరిచయమే మిగులుతుంది. వెనకాల ఏసీ వ్యాను ఉంటే ఆ తలుపు ఎవరూ తట్టరు. మీ వ్యాను మీద నా కోపం అంతా ఇదే. మందు డబ్బా, పంచరు సామాను, ఇద్దరికి సరిపడా విడి ట్యూబులు సైకిళ్ళ మీదే సరిపోతాయి. అలిసిపోతే ఎక్కడికక్కడ బస్సులున్నాయి, మా ఆటో మిత్రుణ్ణి అడగండి.

రెండో ఉత్తరం పోయిన వారం పంపాను. సిఫారసు ఉత్తరమే. అందులో అనాథాశ్రమం పేరు తీసేశాను. వాళ్ళు నిన్న ఫోన్ చేశారు. కాశ్మీరు ఈ ఏడాదికి వాయిదా వేశారంట. నవంబరులో హోసూరు నుంచి బయల్దేరి పుదుక్కోట్టై మీదుగా కన్యాకుమారి దాకా మొదట వెళ్ళి చూస్తారట. పన్నెండు మందిలో ఇప్పుడు నలుగురు ఆడపిల్లలు, ఒకడి అమ్మ. ఆవిడ బీడీలు చుడుతుంది, ఇంకా సైకిల్ రాదు. పుదుక్కోట్టైలో అప్పుడు నేర్చుకున్న ఆడవాళ్ళు ఇప్పుడు అరవైలకు చేరి ఉంటారు, ఒక్కరినైనా కలవమని చెప్పాను. వీళ్ళల్లో తమిళం సరిగా వచ్చేది ఇద్దరికేనంట.

చీరాల పక్క పల్లె పెద్దాయనకు కూడా ఫోన్ చేశాను. పిల్లలు ఇలా వెళుతున్నారని చెబితే, "గాలి ఎక్కువ కొట్టించకండయ్యా, ఎండకు ట్యూబు పగులుద్ది" అన్నాడు. ఇంటి ముందు ఒక పాత సైకిల్ తెచ్చి పెట్టుకున్నాడంట, మనవడిది. పాలకు వెళ్ళి వస్తున్నాడంట. ఏ దారిలో అని అడిగాను. "దగ్గరి దారిలోనే" అన్నాడు.